గంగులు బావ పేర ఒక టిక్కెట్టు

పెరంబూరు, మద్రాసు
ఆదివారం

అక్కయ్యకు, నీ తమ్ముడు సూరి రెండు చేతులూ జోడించి పెడుతున్న దణ్ణాలు.

నేనిక్కడ బాగున్నాను. ఒంట్లో కులాసాగా ఉంది. నువ్వు, అత్త, పెద్దబావ, ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. అత్తకు ఆయాసం తగ్గిందా? ఆవిడకు పొగ పడదు, పొయ్యి దగ్గర కూర్చోనివ్వకు. నల్లమేక ఈనిందా? ఈనితే పిల్లకు నా పేరు పెట్టొద్దని పెద్దబావతో చెప్పు. పోయినసారి పెట్టి, అది ఎవరి పాదు మేసినా 'సూరిగాడు మేశాడు' అని ఊరంతా నన్ను ఆడిపోసుకున్నారు.

నీ ఉత్తరం అందింది. నువ్వు మాట్లాడినట్టే రాస్తావు, చదువుతుంటే పక్కన కూర్చుని తిడుతున్నట్టే ఉంటుంది. గంగులు బావ రంగూన్ నుంచి కబురు లేకుండా పోయి పన్నెండేళ్ళు దాటింది కాబట్టి, ఈ మహాలయ అమావాస్యకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించి, కర్మ జరిపించేస్తానని పెద్దబావ పట్టుబడుతున్నాడని రాశావు. "ఒక్క మాట తెలిత్తే సాల్రా సూరీ. ఉన్నాడంటే ఉంతాను, లేడంటే ఊరుకుంతాను. ఏటీ తెలీకుండా బొమ్మని తగలెట్టీమంతే నా వల్ల కాదు" అన్నావు. ఆ మాట రాసిన చోట సిరా కాస్త అలుక్కుపోయి ఉంది. నాకు తెలుసులే.

అక్కా, ఆ ఒక్క మాట దొరికింది. అయితే ఎలా దొరికిందో వరసగా చెప్పాలి, లేకపోతే నువ్వు నమ్మవు. కంగారుపడి ముందే చివరి కాగితం తిప్పకు, నీ అలవాటు నేనెరగనిది కాదు.

ముందు నా సంగతి. పని బాగానే ఉంది. రైలు పెట్టెలకు రంగులు వేయడం. పొద్దున్న కార్ఖానా కూత కూసేసరికి లోపల ఉండాలి. రంగు వాసన మొదట్లో తల తిప్పేది, ఇప్పుడు లేకపోతే ఏదో వెలితి. ఎండలు భాద్రపదంలో కూడా తగ్గలేదు, సాయంత్రమయ్యేసరికి మబ్బు పట్టి ఒక జల్లు కురిసి పోతుంది. తిండికి లోటు లేదు, కానీ మెత్తళ్ళ వేపుడు తిని ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండుచేప కాస్త మూటకట్టి పంపు. రాష్ట్రం విడిపోయి మనవాళ్ళంతా కర్నూలు వెళ్ళారు, మద్రాసు మనకు రాలేదు, నా పొట్ట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. వీధిలో ఎక్కడన్నా తెలుగు మాట వినపడితే చాలు, ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తాను. ఒక్కోసారి ఎవరూ ఉండరు.

నేను అద్దెకున్న ఇల్లు రాజమ్మగారిది. నాయుళ్ళు, తాతముత్తాతల నుంచీ ఇక్కడే ఉన్నారు. పెద్దావిడ, కళ్ళకు పొర కమ్మింది. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ మొహం ఆనదు. నన్ను అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది. పూటకూళ్ళు కూడా ఆవిడ దగ్గరే. అరవం తెలుగు కలిపి మాట్లాడుతుంది, మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. చాలా మంచిది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదని నువ్వు గుర్తుంచుకోవాలి.

ఇక అసలు విషయం. నాతో రంగులు వేసే మునుసామి నాయుడు అని ఒకాయన ఉన్నాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెడతాడు. ఒకరోజు కుంచె పక్కన పడేసి, "ఏం పా సూరీ, తెలుసునా? నాలుగు దేశాల ఆటగాళ్ళు మన ఊరికే వస్తా ఉండారు. సిలోను, పాకిస్తాను, బర్మా, మనోళ్ళు. ఇట్లాంటిది మళ్ళీ యాడ చూస్తావు?" అన్నాడు. మిగతావి నా చెవికెక్కలేదు. బర్మా అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

బావ రంగూన్ రేవులో మూటలు మోసినా, సాయంత్రాలు అక్కడి కూలీల జట్టులో బంతి ఆడేవాడని నీకు తెలుసు. ఒక్కసారి ఊరికి వచ్చినప్పుడు తోలుబంతి తెచ్చి, ఇసకలో నాకు ఆడడం నేర్పాడు. "కాల్తో కాదు రా, కంటితో తన్నాల" అనేవాడు. ఆ బంతి తగిలి అత్త చేపల బుట్ట బోర్లాపడితే నేను దెబ్బలు తిన్నాను, ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. రంగూన్ బంతాట మనుషులు ఇంతమంది వస్తుంటే, వాళ్ళలో ఒక్కడికైనా గంగులు పేరు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. ఆటగాళ్ళ దగ్గరకు చేరాలంటే మైదానం లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే టిక్కెట్టు కావాలి. నువ్వడిగిన ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

టిక్కెట్టు ఊరికే అమ్మరు, అక్కా. ముందు సెంట్రల్ స్టేషను అవతల మైదానం దగ్గర ఒక రేకుల కొట్టు ఉంటుంది. దాని కిటికీ దగ్గర పేరు రాయించుకోవాలి. తర్వాత వాళ్ళు చెప్పిన రోజున గేటు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తారు. పలికినవాడికి టిక్కెట్టు. పలకనివాడి టిక్కెట్టు ఇంకొకరికి పోతుంది.

నేనూ మునుసామీ సెలవు పెట్టి వెళ్ళాం. వరస మైదానం గోడ చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చి ఉంది. అందులో సగం మనుషులు, సగం రాళ్ళు. నవ్వకు, నిజమే. ఇక్కడి పద్ధతి అది. నీ చోట్లో ఒక రాయో ఇటుకముక్కో పెట్టి కాఫీకి వెళ్ళొచ్చు, పనికి వెళ్ళొచ్చు. వరస కదిలినప్పుడు ఆ రాయిని ముందుకు జరపడం వెనకవాడి బాధ్యత. ఎవరైనా మధ్యలో దూరబోతే వెనకవాడే అడ్డుపడి "ఆళ్ ఇరుక్కు" అనాలి. అంటే ఇక్కడ మనిషి ఉన్నాడు అని. రాయిని దాటి ముందుకు పోయావా, నలుగురూ కలిసి నిన్ను వరసలోంచి ఈడ్చేస్తారు.

మేం వెళ్ళేసరికి నా ముందర ఒక రాయి ఉంది. గుండ్రటి నల్లరాయి, మన రేవు దగ్గర అలలు కొట్టే చోట ఉండే రకం. ఆ ఎండలో కూడా చెమ్మగా ఉంది. నా వెనక నిలబడ్డ మునుసామిని ఇది ఎవరిదని అడిగాను.

"ఎవురో. ఆళు ఉండాడు, నువ్వు జరుపు."

దానికి ముందు నిలబడ్డ పెద్దమనిషిని అడిగితే, నా వెనక ఎవరూ రాయి పెట్టడం నేను చూడలేదే అన్నాడు. సరే, మనకెందుకని కాలితో జరుపుతూ వచ్చాను. మొదట్లో తేలిగ్గానే కదిలింది. కిటికీ దగ్గరపడేకొద్దీ బరువెక్కింది. చివరికి రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది, మునుసామి నవ్వాడు. "అన్నం తినలేదా పా?" అన్నాడు. నేనూ నవ్వాను. పోలేరమ్మ సాక్షి, నాకప్పుడు భయం లేదు.

ముందరి పెద్దమనిషి పని అయిపోయింది. కిటికీ ముందు ఇప్పుడు ఆ రాయి ఉంది, దాని వెనక నేను. రాయి పెట్టినవాడు రాలేదు. లోపల గుమాస్తా తల ఎత్తకుండానే "పేర్ ఎన్న?" అన్నాడు. నేను నా పేరు చెప్పబోయాను. మునుసామి భుజం పట్టుకుని ఆపాడు.

"నీది కాదు, ముందు రాయిది చెప్పాల. ఆళు రాకుంటే ఎనకుండేవాడే చెప్పాల, అదే పద్ధతి. ఏదో ఒక పేరు చెప్పు, వచ్చినోడు తీసుకుంటాడు."

వెనక జనం కేకలు వేస్తున్నారు. గుమాస్తా మళ్ళీ అడిగాడు. అక్కా, నేను ఆలోచించలేదు. సుబ్బయ్య అనొచ్చు, వెంకయ్య అనొచ్చు, లోకంలో పేర్లకు కరువా? నా నోట్లోంచి "పల్లా గంగులు" అని వచ్చేసింది. ఆయన రాసుకున్నాడు. తర్వాత నా పేరు రాసుకున్నాడు. పక్కపక్క చోట్లే వస్తాయన్నాడు. రాయి తీసి గోడవార పెడదామని వంగాను. రాయి లేదు. నేల మీద తడి మాత్రం ఉంది. ఎవరో తన్నేసి ఉంటారులే అన్నాడు మునుసామి.

పోయాడో ఉన్నాడో తెలియని మనిషి పేరు అలా పదిమందిలో చెప్పకూడదని అత్త ఎన్నిసార్లు అనలేదు! వరస పద్ధతి తప్పితే తన్నులు తింటానన్న తొందరలో, మన పద్ధతి మరిచిపోయాను. ఆవిడకు ఈ ముక్క చదివి వినిపించకు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషను దగ్గర మునుసామి తన దారిన పోయాడు. నేను ఒక్కణ్ణే కాఫీకి వెళ్ళాను. కొట్టువాడు అడక్కుండానే రెండు గ్లాసులు పెట్టాడు. ఒకటే చాలన్నాను. వాడు నా పక్కకు ఒకసారి చూసి, ఏమనుకున్నాడో ఏమో, రెండోది వెనక్కి తీసుకున్నాడు. ఇల్లు చేరాక రాజమ్మగారు రెండు ఆకులు వేసి ఉంచింది.

"ఇంకో ఆకు ఎవరికమ్మా?"

"నీ కూడా వచ్చినాయనకి. యాడ ఆయన? గడప దగ్గరే నిలబడినాడే. లోపలికి రమ్మను పా, బయట ఎందుకు?"

"నేనొక్కణ్ణే వచ్చానమ్మా."

"సరి సరి, సిగ్గుపడతా ఉండాడేమో. నీకంటే కాస్త పొడుగు. ఎడం కాలు ఈడుస్తాడు కదా?"

బావకు బంతాటలో ఎడం మడమ విరిగి, అది సరిగా అతకలేదని ఈ ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పూట అన్నం తినలేకపోయాను. కానీ మర్నాడు బాగా తిన్నాను, నువ్వు దిగులుపడకు. నేను బాగానే ఉన్నాను. పనికి ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ తర్వాత రోజూ ఇంతే. రాజమ్మగారు నా అడుగుల వెనక ఇంకొకరి అడుగులు వింటుంది. నేను అరుగు ఎక్కేటప్పుడు, "జాగ్రత్త నాయనా, మెట్టు పగిలుండాది" అని నాకు చెప్పి, కాస్త ఆగి మళ్ళీ ఇంకోసారి చెబుతుంది. రెండోసారి ఎవరికి చెబుతోందని నేను అడగడం మానేశాను. భయంగా ఉండేది. నిజం చెప్పనా అక్కా, భయం ఒక పక్క ఉన్నా, ఇంకోపక్క నాకు తోడు దొరికినట్టు ఉండేది. ఈ ఊళ్ళో నా వెనక నడిచేవాళ్ళు ఎవరున్నారు కనుక?

నాకు ఆశ కూడా పుట్టింది. బావ బతికే ఉన్నాడేమో, ఎలాగో మద్రాసు చేరాడేమో, మొహం చూపించడానికి మొహమాటపడి నా వెనక తిరుగుతున్నాడేమో అనుకున్నాను. అలాంటి మనిషి కాదని తెలుసు. అయినా అనుకున్నాను.

పేర్లు పిలిచే రోజు వచ్చింది. శనివారం, ఒంటిపూట పని అయ్యాక వెళ్ళాం. గేటు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. ఒకాయన బల్ల ఎక్కి రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కొక్కరూ "ఇరుక్కేన్", "సార్", "ఉండాను" అని పలికి ముందుకు తోసుకుపోతున్నారు. నా పేరుకు ముందు బావ పేరు వస్తుందని చెవులు రిక్కించి నిలబడ్డాను. పలకనివాడి టిక్కెట్టు ఇంకొకరికి పోతుంది కదా, బావ పేరుకు నేను పలకాలా వద్దా అని ఎటూ తేలలేదు.

"పల్లా గంగులు!" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. జనం వెనక నుంచి, రోడ్డు వైపు నుంచి, గట్టిగా, స్పష్టంగా వినిపించింది. "ఉన్నాను మేస్త్రీ!"

జనం గొల్లున నవ్వారు. "ఎవడ్రా మేస్త్రీ?" అన్నాడు ఒకడు. నేను నవ్వలేదు. అక్కా, ఆ గొంతు బావది. ఇసకలో నన్ను పిలిచిన గొంతే. వెనక్కి తిరిగి జనాన్ని తోసుకుంటూ రోడ్డు దాకా పోయాను. అక్కడ ఒక జట్కా, నీడన పడుకున్న గుర్రబ్బండివాడు తప్ప ఎవరూ లేరు. తిరిగి వచ్చేలోపు నా పేరు పిలిచారు, మునుసామి నా తరఫున అరిచి పలికాడు, పాపం. కిటికీ దగ్గరకు వెళ్ళి నా టిక్కెట్టు తీసుకున్నాను. గంగులు టిక్కెట్టు కూడా ఇస్తారా అని అడిగితే గుమాస్తా తల ఎత్తకుండా, ఆయన ఇప్పుడే వచ్చి తీసుకుపోయాడు అన్నాడు. ఎలా ఉన్నాడని అడిగాను. నేను చేతులే చూస్తాను గానీ మొహాలు చూడను అన్నాడు. ఆ చేయి తడిగా ఉందని, కాగితం మరక పడిందని విసుక్కున్నాడు.

ఇంక బర్మా ఆట నిన్న జరిగింది. నా పేరుతో ఆ బెంచీ నిండిపోయి, మునుసామికి చోటు దూరంగా వచ్చింది, నేనొక్కణ్ణే నా బెంచీ మీద కూర్చున్నాను. నా పక్క చోటు ఖాళీ. ఎవరు వచ్చి కూర్చోబోయినా "ఆళ్ ఇరుక్కు" అన్నాను. నాకు వచ్చిన అరవం అంతే, దానికి అది సరిపోయింది. బర్మా ఆటగాళ్ళు సన్నగా, చురుగ్గా ఉన్నారు. బంతి వాళ్ళ కాళ్ళకు అంటుకున్నట్టే తిరిగింది. ఎవరు గెలిచారని పెద్దబావ అడుగుతాడు కాబోలు, నేను చూడలేదని చెప్పు. నా కళ్ళు ఆట మీద లేవు.

సగం ఆట అయ్యేసరికి పెద్ద జల్లు పట్టుకుంది. అందరూ గొడుగులూ తువ్వాళ్ళూ నెత్తిన వేసుకున్నారు. ఆ గందరగోళంలో నేను తాళ్ళు దాటి బర్మావాళ్ళ డేరా దగ్గరకు పోయాను. బయట ఒక ముసలాయన ఆటగాళ్ళ తడిబట్టలు పిండుతున్నాడు. నల్లగా, మనవాళ్ళలా ఉన్నాడు. నేను తెలుగులోనే పలకరించాను. ఆయన చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.

"ఏ ఊరు బాబూ నీది? మా దిక్కు యాసలాగుంది."

పేరు ఎర్రయ్య. అప్పట్లో బావతో పాటు అదే రేవులో మూటలు మోశాడు, అదే జట్టులో ఆడాడు. వయసు మళ్ళాక ఆ ఆటగాళ్ళ బట్టలు ఉతుకుతూ వాళ్ళ వెంట తిరుగుతున్నాడు. నేను "పల్లా గంగులు" అనగానే నా మొహంలోకి పట్టి చూశాడు.

"నర్సమ్మ తమ్ముడివా?"

నీ పేరు తెలుసు ఆయనకు. బావ పొద్దున లేస్తే నీ మాటే చెప్పేవాడట. ఊరి పేరు మాత్రం 'మా రేవు' అనే తప్ప ఎప్పుడూ చెప్పలేదట, అందుకే కబురు పంపే దారి దొరకలేదన్నాడు. నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, నా సొంతం ఒక్కటీ కలపలేదు.

"రేవులో మొదటిపాలి బాంబులడ్డ పొద్దు బాబూ. మేస్త్రీ పేర్లు పిలుత్తన్నాడు. ఆ యేల ఇమానాలొచ్చినాయి. అయ్యేటో మాకు తెల్దు, తలెత్తి సూత్తా నిలబడిపోనాం. మేస్త్రీ మాత్తరం పిలుత్తనే ఉన్నాడు. 'పల్లా గంగులూ' అన్నాడు. గంగులు నోరు తెరిసినాడు. నాను పక్కనే ఉన్నాను, సూసినాను. నోరు తెరిసినాడు గాని మాట రానేదు. అంతే. నానూ మరిద్దరం కలిసి ఆ ఒడ్డునే ఇసక కప్పినాం. పేరెట్టి ఏడిసే దిక్కు కూడా నేకపోయింది."

అక్కా, ఇదీ నువ్వడిగిన ఒక్క మాట. బావ లేడు. ఆ పొద్దునే పోయాడు. నీ దగ్గరకు రాకపోవడం ఆయన తప్పు కాదు, ఇంకో సంసారం పెట్టుకున్నాడన్న ఊళ్ళోవాళ్ళ మాటలు ఒట్టివి. ఆ మాటలు అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను. ఆయన మేస్త్రీకి పలకబోయి, పలకకుండానే పోయాడు. ఇన్నేళ్ళకు ఎవరో ఆ పేరు పిలిస్తే పలికాడు. పిలిపించింది నేనే. నాకు ఇంతకంటే అర్థం కాలేదు, నీకు అర్థమైతే రాయి.

ఎర్రయ్య చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. ఆటగాళ్ళు కేకేస్తే కళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు. నేను తిరిగి నా బెంచీ దగ్గరకు వచ్చాను. వాన వెలిసింది. బెంచీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నీళ్ళు కారుతోంది. నా చోటు పక్కన, మనిషి కూర్చునేంత మేర, పొడిగా ఉంది. చేయి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు.

ఆట అయ్యేదాకా ఉండలేకపోయాను. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. రాజమ్మగారు అరుగు మీదే కూర్చుని ఉంది. నేను అరుగు ఎక్కుతుంటే, మెట్టు పగిలిందని ఒక్కసారే చెప్పింది.

"ఈపొద్దు నువ్వొక్కడివే వచ్చినావు," అంది. "నీ కూడా వచ్చే ఆయన ఇప్పుడే పోయినాడు పా. చెంబెడు నీళ్ళు అడిగి తాగినాడు. 'ఊరికి పోతా ఉండాను, సూరికి చెప్పండి' అన్నాడు. ఒళ్ళంతా ఇసుక, చెంబు ఇస్తా ఉంటే చేతికి తగిలింది, పావం. తుడుచుకో నాయనా అంటే నవ్వినాడు."

చెంబు అరుగు మీద బోర్లించి ఉంది. దాని చుట్టూ కాస్త ఇసక రాలి ఉంది. పెరంబూరులో మా వీధిలో అంతా బొగ్గు మసీ ఎర్రమన్నూ, అక్కా. అలాంటి తెల్ల ఇసక లేదు.

నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు, మతి పోలేదు. రేపే సెలవు అడిగి, అమావాస్యకు రెండు పొద్దులు ముందే వచ్చేస్తాను. నేను వచ్చేదాకా కర్మ మొదలుపెట్టవద్దని పెద్దబావతో గట్టిగా చెప్పు. బొమ్మకు కావలసిన దర్భ మాత్రం కోయించి పెట్టమను. నీ చేతి గాజుల జోలికి, బొట్టు జోలికి ఎవరినీ రానివ్వకు. తీస్తే నీ అంతట నువ్వు తియ్యి, లేకపోతే ఉంచుకో. కర్మ అయ్యాక నాతో మద్రాసు రావాలనిపిస్తే రా. రాజమ్మగారితో మాట్లాడాను, పక్క గది ఇస్తానంది. వంటలో సాయం చేసే మనిషి కావాలని ఆవిడ ఎప్పటినుంచో అంటోంది.

అత్తకు, పెద్దబావకు నా దణ్ణాలు. మేనత్తలకూ, రేవులో నన్ను అడిగినవాళ్ళందరికీ నేను తలుచుకున్నానని చెప్పు. నీ దీవెన నాకెప్పుడూ కావాలి.

ఇంకొక్కటి. బావ నీ దగ్గరికే బయలుదేరాడు. ఈ ఉత్తరం కంటే ముందు వస్తాడో వెనక వస్తాడో నాకు తెలియదు. భయపడకు, మన బావే. ఎడం కాలు ఈడ్చే చప్పుడు వినపడితే తలుపు తియ్యి. ఆకు వేసి ఆయనకు ఇష్టమైనవి వడ్డించు. ఏడవకు. నువ్వు ఏడిస్తే కదిలే మనిషి కాదు, ఆఖరుసారి రంగూన్ వెళ్ళిన రోజు నువ్వు కళ్ళు తుడుచుకునేదాకా పడవ ఎక్కనేలేదు. ఆ రోజు రేవులో అందరి ముందూ నువ్వు "ఎల్లిరా" అన్నావు. రమ్మన్నావు కాబట్టే ఇంత దూరం వచ్చాడు. ఈసారి ఒక్క "ఎల్లు" అను అక్కా, చాలు.

నీ కాళ్ళకు మొక్కుతూ,
నువ్వు ఎత్తుకు పెంచిన తమ్ముడు,
సూరి